చెవి వెనక జాగా తక్కువ: కళ్లజోడు, చెవి మిషన్ మీద మీ ప్రశ్నలు

పోయిన నెల ఈ శీర్షికలో చెవి మిషన్ శుభ్రం చేసుకోవడం గురించి రాశాను. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా అసలు దాని ఊసే లేదు. "అదంతా సరే, కళ్లజోడుతో కలిపి ఎలా పెట్టుకోవాలో చెప్పండి ముందు" అని. న్యాయమే. నేను డాక్టర్ని కాను, వినికిడి పరీక్షించి మిషన్ అమర్చే ఆడియాలజిస్టునీ కాను. రెండు చెవులకీ మిషన్లు, ముక్కు మీద దూరానికీ దగ్గరికీ ఒకే అద్దంలో చూపించే ప్రోగ్రెసివ్ అద్దాలు పెట్టుకుని పదకొండేళ్లుగా తిరుగుతున్న మనిషిని, అంతే. అనుభవంతో తెలిసింది చెబుతాను, పుండు, చీము అన్నచోట మాత్రం డాక్టర్ దగ్గరికే పొమ్మంటాను. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేశాను, ఏమనుకోకండి.

ప్రశ్న: నేను రిటైరైన టీచర్ని. రెండు నెలల క్రితం చెవి వెనక పెట్టుకునే మిషన్లు తీసుకున్నాను. కళ్లజోడు ఇరవై ఏళ్లుగా ఉన్నదే. ఇప్పుడు రెండూ కలిసి చెవి వెనక ఒరుసుకుని సాయంత్రానికి మంట పుడుతోంది. కళ్లజోడు తీస్తే మిషన్ కూడా ఊడి ఒళ్లో పడుతోంది. ముందు ఏది పెట్టుకోవాలి? అసలు ఈ రెండూ ఒకే చోట ఎలా ఇముడుతాయి మేడమ్?

జవాబు: ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ టీచర్ గారూ, మనకి ఇమడ్చక తప్పదు. చెవికీ తలకీ మధ్య ఆ సందు ఎంతుంటుంది, వేలు కూడా పూర్తిగా దూరదు. అందులో ఇన్నేళ్లూ కళ్లజోడు కాడ ఒక్కటే హాయిగా పడుకుని ఉంది. ఇప్పుడు మిషన్, దాన్నుంచి చెవిలోకి వచ్చే ట్యూబు కూడా అక్కడికే వచ్చి చేరాయి.

ముందు కళ్లజోడు, తర్వాత మిషన్. చాలామందికి ఇదే కుదురుతుంది. కాడ తలకి ఆనుకుని కూర్చున్నాక, దాని పక్కన చెవి వైపుకి మిషన్ని జారవిడిచి, ఆ తర్వాత మౌల్డో (చెవి అచ్చు తీసి చేసే బిరడా), చిన్న రబ్బరు డోమో (మెత్తటి గొడుగులాంటి కొస) చెవిలో పెట్టుకోవాలి. కొందరికి దీనికి తిరగేసి చేస్తే హాయిగా ఉంటుంది, చెవులు అందరికీ ఒకేలా ఉండవు కదా. రెండు పద్ధతులూ వారం వారం చొప్పున చేసి చూడండి, ఒక్క పూటలో తేల్చేయకండి.

తీసేటప్పుడే అసలు గొడవ. ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ మీరు ఒక చేత్తో కళ్లజోడుని పక్కకి లాగుతుంటారు, అవునా? అలా లాగితే కాడ కొస మిషన్ కిందకి వెళ్లి దాన్ని ఎత్తి పారేస్తుంది. రెండు చేతులతో రెండు కాడలూ పట్టుకుని తిన్నగా ముఖం ముందుకి తీయాలి. మొదట్లో నేను బొటనవేలితో కాడని జరుపుతూ చూపుడువేలితో మిషన్ని అదిమి పట్టుకునేదాన్ని. పది రోజుల్లో చేతికి అదే అలవాటైపోయింది, ఇప్పుడు ఆలోచించను కూడా.

ఇక మంట సంగతి. తప్పు మిషన్‌దని అందరూ అనుకుంటారు గానీ, నా లెక్కలో పదిసార్లలో ఏడుసార్లు తప్పు కాడది. లావుపాటి ప్లాస్టిక్ కాడలు, చెవి వెనక వెడల్పుగా పరుచుకునే కొసలు, చెవి చుట్టూ కొక్కెంలా తిరిగే తీగ కాడలు, ఈ మూడూ మనకి పనికిరావు. సన్నగా, చెవి మీద నుంచి దాదాపు తిన్నగా వెనక్కి పోయే కాడ కావాలి. టైటానియం ఫ్రేములు సన్నగానూ ఉంటాయి, తేలికగానూ ఉంటాయి. మీ ఫ్రేము లోపలి వైపు 52-18-140 అని ఏవో అంకెలు ఉంటాయి, చూడండి. మొదటిది అద్దం వెడల్పు, రెండోది ముక్కు మీది వంతెన, మూడోది కాడ పొడవు, అన్నీ మిల్లీమీటర్లే. కాడ పొడవు తక్కువైతే వంపు సరిగ్గా చెవి నెత్తిన, అంటే మిషన్ ట్యూబు వంగే చోటే పడుతుంది, ఒరుసుకోక ఏం చేస్తుంది. కాస్త పొడుగు కాడ తీసుకుంటే ఆ వంపు వెనక్కి పోతుంది.

కొత్త ఫ్రేము కొనక ముందు పాతదాన్నే సరిచేయించి చూడండి. ప్లాస్టిక్ కాడల్ని ఆప్టీషియన్ వేడి చేసి వంపు మారుస్తారు. ఇంట్లో లైటర్‌తో ప్రయత్నించకండి, నేను చేశాను, ఫ్రేము పోయింది. వెళ్లేటప్పుడు మిషన్లు చెవులకి పెట్టుకునే వెళ్లండి, కాడ వేడి చేసేటప్పుడు మాత్రం తీసి పక్కన పెట్టి, చల్లారాక మళ్లీ పెట్టుకుని కొలత చూపించండి. అలాగే ఆడియాలజిస్ట్ దగ్గరికి వెళ్లేటప్పుడు కళ్లజోడు పెట్టుకుని వెళ్లండి. ఇంత చిన్న సంగతి ఎవరూ చెప్పరు. కళ్ల వాళ్లు కళ్లు చూస్తారు, చెవుల వాళ్లు చెవులు చూస్తారు, ఎవరికి వారే యమునా తీరే. నా మొదటి మిషన్ ఫిట్ చేసినప్పుడు "కళ్లజోడు తీసి పక్కన పెట్టండి" అన్నారు, అంతా అయ్యాక మళ్లీ పెట్టుకొమ్మనలేదు, నేనూ అడగలేదు. దాని ఫలితం ఆర్నెల్లు అనుభవించాను. ట్యూబు పొడవు ఎక్కువైతే మిషన్ చెవి మీదకి లేచి కాడని తోస్తుంది, తక్కువైతే ముందుకి గుంజుతుంది. సన్నని తీగ ఉండే మిషన్లకి ఆ తీగలు రకరకాల పొడవుల్లో దొరుకుతాయి, మార్చడం ఐదు నిమిషాల పని. అడిగితేనే మారుస్తారు.

ఒకటి గుర్తుంచుకోండి. కొత్తలో రెండు మూడు వారాలు కాస్త నొప్పిగా ఉండటం మామూలే. చర్మం ఎర్రబడి తగ్గకపోయినా, చిట్లినా, చెమ్మ ఊరినా ఓర్చుకోవద్దు, చూపించుకోండి. షుగర్ ఉన్నవాళ్లు ఇంకా ముందే వెళ్లాలి, వాళ్లకి పుండు త్వరగా మానదు.

ప్రశ్న: కళ్లజోడు పెట్టుకున్నప్పుడల్లా మిషన్ కూత పెడుతోంది. తీసేస్తే కూత లేదు. దానికి తోడు తల తిప్పితే గరగరమని చప్పుడు. మిషన్ పాడైందా?

జవాబు: పాడవలేదు. ఇవి రెండూ వేరు వేరు జబ్బులు. కూత ఎందుకంటే, మిషన్ చెవిలోకి పంపిన శబ్దం కొంత బయటికి కారి మళ్లీ మైకులో దూరుతుంది, మిషన్ దాన్ని మళ్లీ పెంచుతుంది, అది మళ్లీ కారుతుంది. సభల్లో మైకుని స్పీకర్ దగ్గరికి తీసుకెళ్తే కీచుమంటుంది చూడండి, అదే ఇది. కాడ మిషన్ని నెడుతుంటే ట్యూబు మౌల్డ్‌ని గుంజుతుంది, మౌల్డ్ వెంట్రుక వాసి జరిగినా చాలు, సందు దొరుకుతుంది. కళ్లజోడు పెట్టుకున్నాక వేలితో మౌల్డ్‌ని లోపలికి నొక్కి చూడండి. కూత ఆగిందంటే కారణం అదే. మౌల్డ్ పాతబడి వదులైనా, ట్యూబు గట్టిపడి బిరుసెక్కినా ఇలాగే అవుతుంది. మెత్తటి ట్యూబుని కొన్ని నెలలకొకసారి మార్పించుకోవాలి, అది పసుపు రంగుకి తిరిగి గట్టిపడిందంటే దాని కాలం అయిపోయినట్టే. చెవిలో గుబిలి అడ్డుపడినా కూత వస్తుంది కాబట్టి అదీ ఒకసారి చూపించుకోండి.

గరగర మాత్రం కాడ మైకుకి రాసుకోవడం వల్ల. చెవి వెనక మిషన్లకి మైకులు పై అంచున ఉంటాయి, మామూలుగా రెండు, ఒకటి ముందు, ఒకటి వెనక. సరిగ్గా కాడ వెళ్లే దారి అదే! ఇంకో సంగతి, ఎదుటి మనిషి మాటని పట్టుకుని వెనక గోలని తగ్గించే పని ఆ రెండు మైకులూ కలిసి చేస్తాయి. అందుకు అవి నేలకి సమాంతరంగా, ముందుకి చూస్తూ ఉండాలి. కాడ తోపుకి మిషన్ వెనక్కి వాలి మైకులు ఆకాశం వైపు తిరిగితే, బాగా ఖర్చు పెట్టి కొన్న ఆ సౌకర్యం ఎందుకూ కొరగాదు. అద్దం ముందు నిలబడి, ఎవరితోనైనా పక్క నుంచి ఫోటో తీయించుకోండి. మన చెవి వెనక మనకి కనపడదు కదా.

ప్రశ్న: మా అమ్మకి 74. చెవి మిషన్ పెట్టుకున్నప్పుడు ఇరుకుగా ఉందని కళ్లజోడు తీసేస్తుంది, చదివేటప్పుడు కళ్లజోడు పెట్టుకుని మిషన్ తీసేస్తుంది. "మాట్లాడటానికి కళ్లెందుకే" అంటుంది. పైగా మిషన్ పెట్టుకున్నా సరిగ్గా వినపడటం లేదని విసుక్కుంటోంది. ఏం చేయాలి?

జవాబు: అమ్మగారి మాట వినడానికి సబబుగానే ఉంది, కానీ మాట్లాడటానికి కళ్లు కావాలి. మనమందరం, చెవులు బాగున్నవాళ్లతో సహా, ఎదుటివాళ్ల పెదవులు చూస్తూనే వింటాం, మనకి తెలియదు అంతే. 1976లో హ్యారీ మెగర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక విచిత్రం బయటపెట్టారు. తెర మీద మనిషి నోరు "గ" అంటున్నట్టు కదులుతుంది, వెనక వినిపించే శబ్దం "బ". చూసేవాళ్లలో చాలామందికి రెండూ కాకుండా "ద" అని వినపడింది! కళ్లు మూసుకుంటే మళ్లీ "బ". అంటే చెవి విన్నదాన్ని కన్ను మార్చేస్తోందన్నమాట. చెవి బలహీనమైన వాళ్లకి ఈ కంటి సాయం ఇంకా ఎక్కువ అవసరం. "ప", "త", "క" లాంటివి చెవికి కలగలిసిపోతాయి, "ప"కి మాత్రం పెదవులు కలుస్తాయి, చూస్తే ఇట్టే తేలిపోతుంది. దూరపు చూపు మసకగా ఉండి, కళ్లజోడు తీసేసి కూర్చుంటే ఆ పెదవులు కనపడవు, అప్పుడు తప్పంతా మిషన్ మీదకి పోతుంది.

కాబట్టి అమ్మగారితో వాదన పెట్టుకోకండి. కళ్లజోడుతో ఒకసారి, లేకుండా ఒకసారి, మామూలు గొంతుతో ఆమెకి ఎదురుగా కూర్చుని నాలుగు వాక్యాలు చెప్పి చూడండి, తేడా ఆమే చెబుతారు. ఆ ఇరుకు సంగతి పైన టీచర్ గారికి రాసిందే. అన్నట్టు ఆమెకి మిషన్ ఒక్క చెవికేనా? అలాగైతే ఆ పక్క కాడ కాస్త లేచి కళ్లజోడు ఒక వైపుకి వాలుతుంది. బైఫోకల్, ప్రోగ్రెసివ్ అద్దాలకి, చూపు వంకర సరిచేసే సిలిండర్ నంబరు ఎక్కువ ఉన్నవాళ్లకి ఈ వాలు వల్ల తల నొప్పి వస్తుంది, చదివే భాగం ఉండాల్సిన చోట ఉండదు. ఆప్టీషియన్ ఆ ఒక్క కాడనీ సర్ది సమం చేస్తారు. చాలామంది "నా కళ్లజోడు నంబరు మారిందేమో" అని కొత్త అద్దాలు వేయించుకుంటారు, నంబరు మారి ఉండదు, కాడ లేచి ఉంటుంది.

ప్రశ్న: బ్యాటరీ మార్చాలంటే కళ్లజోడు కావాలి. మా వారికి కళ్లజోడు ఉన్నా ఆ చిన్న బిళ్ల కనపడదు, వేళ్లు వణుకుతాయి. ప్లస్ ఎటో తెలియక రోజూ నన్ను పిలుస్తారు.

జవాబు: పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టుంటుంది మా బతుకు. మిషన్ పెట్టుకోవాలంటే కళ్లజోడు ఉండాలి, కళ్లజోడు పెట్టుకుంటే మిషన్‌కి జాగా ఉండదు. కొన్ని గుర్తులు చెబుతాను, వాటికి చూపు పెద్దగా అక్కర్లేదు.

బ్యాటరీ మీద స్టిక్కర్ ఉండే వైపే ప్లస్. స్టిక్కర్ పీకిన వైపు పైకి ఉంచి అలాగే తలుపులో జారవిడిస్తే చాలా మిషన్లకి సరిపోతుంది, మీ వారి మిషన్‌కి ఒకసారి సరిచూసుకోండి. తలుపు మూయడానికి బలం పెట్టాల్సి వస్తోందంటే బ్యాటరీ తిరగబడి ఉందని అర్థం, నొక్కేయకండి, విరుగుతుంది. స్టిక్కర్ రంగే బ్యాటరీ సైజు: పసుపు 10, గోధుమ 312, నారింజ 13, నీలం 675. ఈ రంగులు ఏ కంపెనీదైనా ఒకటే. స్టిక్కర్ పీకాక రెండు మూడు నిమిషాలు అలా వదిలేయండి, ఇవి గాలి పీల్చుకుని పనిచేసే జింక్ బ్యాటరీలు, గాలి తగిలాకే బలం పుంజుకుంటాయి. ఒకసారి పీకాక మళ్లీ అంటిస్తే ఆగిపోతుందనుకోకండి, అది మొదలైతే మొదలైనట్టే. ఇక మిషన్ మీద ఎర్ర చుక్క ఉంటే కుడి చెవిది, నీలం చుక్క ఉంటే ఎడమ చెవిది.

ఒక చిన్న పళ్లెంలో గుడ్డ పరుచుకుని, లైటున్న భూతద్దం స్టాండు కింద పెట్టుకుని ఈ పని చేయమనండి. కింద పడితే ఎగిరి మంచం కిందకి పోదు. ఒక చివర అయస్కాంతం ఉన్న చిన్న బ్రష్‌లు దొరుకుతాయి, బ్యాటరీ దానికే అంటుకుని వస్తుంది. ఇవన్నీ చేసినా కష్టమైతే, ఈసారి మిషన్ మార్చేటప్పుడు ఛార్జింగ్ పెట్టుకునేది అడగండి. రాత్రి డబ్బాలో పెట్టడం, పొద్దున తీయడం, అంతే. నా ఉద్దేశంలో వేళ్లు వణికేవాళ్లకి మిషన్‌లోని గొప్ప గొప్ప ఫీచర్లన్నిటికన్నా ఇదొక్కటే ఎక్కువ మేలు చేస్తుంది.

ప్రశ్న: ఈ గొడవంతా లేకుండా చెవి లోపల పెట్టుకునే మిషన్ తీసుకుంటే పోదా?

జవాబు: మీ వినికిడి ఒప్పుకుంటే తప్పకుండా పోతుంది, చెవి వెనక అంతా కళ్లజోడుకే వదిలేయొచ్చు. కానీ లోపలి మిషన్ ఎంత చిన్నదైతే దాని బలం అంత తక్కువ. వినికిడి బాగా తగ్గినవాళ్లకి చాలదు. చెవి రంధ్రం సన్నగా ఉన్నా, చెవిలో ఊరికే చెమ్మ చేరుతున్నా కుదరదు, గుబిలి ఎక్కువ పట్టేవాళ్లకి మూసుకుపోతుంది. పైన చెప్పిన వణికే వేళ్లకి ఇది ఇంకా చిన్నది. మధ్యస్థంగా ఒక రకం ఉంది, చెవి వెనక సన్నటి చిక్కుడు గింజంత మిషన్, స్పీకర్ మాత్రం తీగ చివర చెవి లోపల. కళ్లజోడు వాళ్లలో ఎక్కువమంది ఇక్కడికే వచ్చి ఆగుతారు, నేనూ అంతే. అసలు ఏది తీసుకోవాలన్నది మీ ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష చార్టు) చూసిన మనిషి చెప్పాలి, కళ్లజోడు ఉందన్న ఒక్క కారణంతో మీరే నిర్ణయించేసుకోకండి.

ప్రశ్న: కళ్లజోడు జారకుండా కాడలకి తొడిగే సిలికాన్ కొక్కేలు కొన్నాను. అప్పటినుంచి చెవి నొప్పి ఎక్కువైంది.

జవాబు: తీసేయండి. అసలే ఇరుకైన చోట మూడో వస్తువుని తెచ్చి పెట్టారు. కళ్లజోడు జారడానికి మందు చెవి దగ్గర ఉండదు, ముక్కు దగ్గర ఉంటుంది. నోస్ ప్యాడ్లు సర్దించండి, అద్దాలు బరువైతే తేలిక రకానికి మారండి. గాజు అద్దం బరువులో ప్లాస్టిక్ అద్దం దాదాపు సగమే ఉంటుంది. ముందు భాగం తేలికైతే చెవి మీద అంత పట్టు అక్కర్లేదు.

ప్రశ్న: ఆసుపత్రిలో పని చేస్తాను, రోజంతా మాస్క్ తప్పదు. కళ్లజోడు, మిషన్, మాస్క్ తాడు, మూడూ చెవికే! మాస్క్ తీసినప్పుడు మిషన్ రెండుసార్లు ఎగిరిపోయింది.

జవాబు: గోరుచుట్టు మీద రోకటిపోటు. చెవికి తగిలించే మాస్క్ మానేసి తల వెనక కట్టుకునేది వాడండి. అది దొరకనప్పుడు తల వెనక రెండు తాళ్లనీ కలిపే చిన్న పట్టీ, లేదా టోపీకి రెండు వైపులా గుండీలు కుట్టించుకుని తాళ్లు వాటికి తగిలించడం. చెవికి తగిలించక తప్పదనుకుంటే, తీసేటప్పుడు ముందు ఒక చేయి మిషన్ మీద, తర్వాతే రెండో చేయి తాడు మీద. తీసిన ప్రతిసారీ చెవులు తడుముకోండి, అలవాటు చేసుకోవాల్సింది అదొక్కటే. మీ పక్కవాళ్లు మాస్క్‌లో మాట్లాడితే పెదవులు కనపడవు, గొంతూ మందగిస్తుంది, అది మీ మిషన్ లోపం కాదు.

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్లు. పుట్టుకతోనే రెండు చెవులకీ మిషన్లు, ఈ మధ్య కళ్లజోడు కూడా వచ్చింది. రెండిట్లో ఏదో ఒకటి రోజూ పీకేస్తున్నాడు. వాడికి నచ్చజెప్పడం ఎలా?

జవాబు: నచ్చజెప్పే ముందు, వాడు పీకేస్తున్నది ఎక్కడ నొప్పెడితే అక్కడిదేమో చూడండి. ఆరేళ్ల పిల్లాడు "నాకు ఇక్కడ ఒరుసుకుంటోంది" అని చెప్పడు, పీకి పారేస్తాడు. సాయంత్రం రెండూ తీశాక చెవి వెనక, చెవి పైన, ముక్కు పక్కల ఎర్రటి గుర్తులు ఎక్కడున్నాయో వారం రోజులు చూసుకోండి, పీకుడికి కారణం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

పిల్లల చెవులు పెరుగుతూ ఉంటాయి, మౌల్డ్ తరచూ మార్చాలి. వదులైన మౌల్డ్ కూత పెట్టి వాడిని విసిగిస్తుంది. మిషన్‌కి ట్యూబుని కలిపే కొక్కెం పిల్లల సైజులో వేరేగా దొరుకుతుంది, పెద్దవాళ్లది పెడితే ఆ చిన్న చెవి మీద మిషన్ నిలవదు, దాని మీద కాడ అసలే నిలవదు. కళ్లజోడుకి మెత్తగా వంగే ఫ్రేము తీసుకుని, కాడల చివరలు చెవి వెనక తిరగకుండా తల వెనక ఎలాస్టిక్ పట్టీతో కట్టే రకం అడగండి. అప్పుడు కళ్లజోడు బరువు పట్టీ మోస్తుంది, చెవి మీద మిషన్ ఒక్కటే ఉంటుంది. మిషన్లకి సన్నటి దారం కట్టి చొక్కా వెనక క్లిప్పు పెట్టండి, ఊడినా పోదు. ఈ దారం, కళ్లజోడు పట్టీ చిక్కుపడకుండా ఒకటి పైన, ఒకటి కింద పోనివ్వండి.

బ్యాటరీ తలుపుకి తాళం ఉండే మిషనేనా? కాకపోతే పెట్టించండి. బిళ్ల బ్యాటరీ మింగినా, ముక్కులో పెట్టుకున్నా ప్రమాదం, అనుమానం వచ్చినా సరే వెంటనే ఆసుపత్రికి. ఇక నచ్చజెప్పడం సంగతి, రంగు వాడినే ఎంచుకోనివ్వండి. పచ్చ మౌల్డు, ఎర్ర ఫ్రేము అంటాడా, అననివ్వండి. మనకి కనపడకుండా దాచాలనే తాపత్రయం, వాడికి అది లేదు.

ప్రశ్న: కళ్లజోడులోనే మిషన్ కలిసి ఉండేవి వచ్చాయని విన్నాను. నిజమేనా, తీసుకోవచ్చా?

జవాబు: నిజమే, కానీ ఆలోచన కొత్తది కాదు. 1947లో ట్రాన్సిస్టర్ కనిపెట్టాక, 1950ల మొదట్లోనే అది చెవి మిషన్లలోకి వచ్చేసింది. అప్పటిదాకా జేబులో డబ్బా, దాన్నుంచి చెవికి వైరు. ట్రాన్సిస్టర్‌తో మిషన్ ఎంత చిన్నదైందంటే 1950ల మధ్యకల్లా అమెరికాలో దాన్ని కళ్లజోడు కాడలో దాచేశారు. కొన్నేళ్లు బాగా అమ్ముడుపోయాయి, మిషన్ పెట్టుకున్నట్టు ఎవరికీ తెలియదు కదా. తర్వాత ఎందుకు వెనకబడ్డాయో ఊహించొచ్చు. మిషన్ రిపేరుకి పంపిస్తే కళ్లజోడు కూడా పోతుంది, కళ్లజోడు నంబరు మారితే మిషన్‌తో పేచీ. పడుకునే ముందు కళ్లజోడు తీసి పక్కన పెడితే చెవులు కూడా పక్కన పెట్టినట్టే. ఇంతలో చెవి వెనక మిషన్లు చిన్నవైపోయాయి.

ఇప్పుడు మళ్లీ ఆ ఆలోచన తిరిగొచ్చింది. ఎస్సిలార్ లక్సాటికా కంపెనీ తెచ్చిన న్యూయాన్స్ ఆడియో అనే కళ్లజోడుకి 2025లో అమెరికాలో మందులు, వైద్య పరికరాలకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. మైకులు ఫ్రేములో, స్పీకర్లు కాడల్లో, చెవిలో ఏమీ పెట్టుకోనక్కర్లేదు. అయితే ఇది వినికిడి కొద్దిగానో, ఓ మోస్తరుగానో తగ్గిందనిపించే పెద్దవాళ్లకి. నాలాగా మౌల్డ్ లేకుండా మాట వినపడనివాళ్లకి ఇది చాలదు. పైగా లావు కాడ, ఛార్జింగ్ కావాలి. సభల్లోనూ, గోలగా ఉన్న గదుల్లోనూ మాత్రమే ఇబ్బంది పడుతూ, "మిషన్ దాకా ఎందుకులే" అని వాయిదా వేస్తున్నవాళ్లకి పనికి రావొచ్చు. ముందు వినికిడి పరీక్ష, తర్వాతే ఏదైనా.

ప్రశ్న: బండి నడుపుతాను. హెల్మెట్ పెట్టుకుంటే మిషన్ నలిగిపోతోంది, తీస్తే ఊడిపోతోంది.

జవాబు: మిషన్ మీదుగా ఇరుకు హెల్మెట్‌ని బలవంతంగా లాక్కోవద్దు. ముందు హెల్మెట్, తర్వాత కళ్లజోడు కాడల్ని తిన్నగా లోపలికి తోయడం, కాడ సన్నగా, తిన్నగా ఉంటేనే ఇది కుదురుతుంది. చెవుల దగ్గర లోపలి స్పాంజి పల్లంగా ఉండే హెల్మెట్లు ఉంటాయి, మిషన్ పెట్టుకునే వేసుకుని చూసి కొనండి. ఏ సైజులోనూ ఇమడకపోతే మిషన్లు వాటి డబ్బాలో పెట్టుకుని, దిగాక పెట్టుకోవాలి. వట్టిగా జేబులో వేసుకోకండి. వినికిడి బాగా తక్కువైతే మిషన్ లేకుండా బండి నడపొచ్చా లేదా అన్నది మీ డాక్టర్నే అడగండి, మీరుండే చోటి నిబంధనలూ చూసుకోండి.

ప్రశ్న: నిన్న వాకింగ్‌లో చెమట పట్టిందని కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. ఇంటికొచ్చాక చూస్తే ఎడమ మిషన్ లేదు. ఎలా వెతకాలి?

జవాబు: అయ్యో! ముందు ఒంటి మీద వెతకండి, కాలరు, జేబు, జుట్టు, కళ్లజోడు డబ్బా. కాడకి తగులుకుని కళ్లజోడుతో పాటే డబ్బాలోకి వెళ్లిపోవడం నాకే జరిగింది. ఫోన్‌తో కలిపే రకమైతే దాని యాప్ తెరవండి, చివరిసారి ఎక్కడ కలిసి ఉందో చాలావాటిలో చూపిస్తుంది. అదీ లేకపోతే కళ్లజోడు తీసిన చోటికే వెళ్లండి, మిషన్ దాని చుట్టుపక్కలే ఉంటుంది. అడుగు చూసి వేయండి, పడిపోయిన మిషన్ తొక్కుడుకి నలిగిపోతుంది. బ్యాటరీ ఇంకా ఉంటే అది ఆకుకో, గోడకో ఆనుకుని సన్నగా కూత పెడుతూ ఉండొచ్చు. అయితే ఆ కీచు మన చెవికి అందే రకం కాదు. మీ మనవడినో, మనవరాలినో వెంట తీసుకెళ్లండి.